నాలుగు నోళ్ల మిషన్

మా షెడ్డుకు ఆనుకుని గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే వెల్డింగ్ దుకాణం ఉంది. అక్కడ రాడ్డు అంటుకున్నప్పుడల్లా ఇక్కడ నా లాప్‌టాప్ టుంగుమనేది. కేబుల్ ఊడిపోయిందని తెర మీద వచ్చేది. ఊడిందీ లేదు, పాడూ లేదు, కేబుల్ నా వేళ్ల మధ్యనే ఉండేది. ఎక్కుతున్న ప్రోగ్రాం మాత్రం సగంలో ఆగిపోయేది. అందుకని గోడ అవతలి మనిషి రాడ్డు మార్చుకునే సమయం కనిపెట్టి, ఆ సందులో ఒక చిప్‌కు ప్రోగ్రాం ఎక్కించేదాన్ని. అతని ముఖం నేను చూసింది తక్కువ. అతను ఎప్పుడు టీ తాగుతాడో, ఎప్పుడు బీడీ ముట్టిస్తాడో మాత్రం గోడ ఇవతల నుంచే తెలిసేది.

చిప్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను. బోరు మోటారుకు పెట్టే స్టార్టర్ డబ్బాలో ఒక బోర్డు ఉంటుంది. రైతు ఇంటి దగ్గర నుంచి ఫోన్ కొడితే మోటారును నడిపించేది, కరెంటు ఒక ఫేజ్ పోతే ఆపేది, బోరులో నీళ్లు అడుగంటితే మోటారు కాలిపోకుండా బంద్ చేసేది ఆ బోర్డే. దాని మీద గోరంత నల్ల చిప్ ఉంటుంది. కొత్తగా వచ్చినప్పుడు దానికి ఏమీ తెలియదు. ఏం చేయాలో నేర్పే ప్రోగ్రాంను లాప్‌టాప్ నుంచి అందులోకి ఎక్కించాలి. ఎక్కించడానికి ఒక పరికరం కావాలి. ఆ పరికరం పట్టుకుని కూర్చోవడమే నా బతుకుతెరువు.

ఇదంతా జహీరాబాద్‌లో, బీదర్ వైపు పోయే రోడ్డు మీద, ఒక రేకుల షెడ్డులో. ఎండాకాలం లోపల అప్పడాలు ఆరబెట్టుకోవచ్చు. నేను కోహీర్ నుంచి వస్తాను. అల్లం, ఆలుగడ్డ పండించే ఇంట్లో పుట్టి ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. ఆ చదువుకు మా వైపు ఉన్న విలువ ఏపాటిదంటే, పెళ్లిచూపుల్లో మా అత్తగారు అడిగిన మొదటి మాట, "టీవీ ఖరాబైతే చేస్తదా?" అని. చేస్తుందని మా నాన్న చెప్పాడు. పెళ్లయిపోయింది.

షెడ్డులో ఆడవాళ్లందరం ఇనుప స్టూళ్ల మీద కూర్చుని బోర్డులకు సోల్డరింగ్ చేసేవాళ్లం. ప్రోగ్రాం ఎక్కించే టేబుల్ దగ్గర మాత్రం వీపు ఆనే కుర్చీ ఉండేది. ఆ కుర్చీలోకి రావడానికి నేను ఏళ్ల తరబడి సోల్డర్ పొగ మింగాను. వచ్చాక నాకు దక్కింది జీతంలో పెద్ద తేడా ఏమీ కాదు. షెడ్డు యజమాని, మా సార్ నోట ఒక మాట దక్కింది. ఏ బోర్డయినా తిరిగొస్తే, "చెల్లె చూసి పంపింది కద, ఆడ తప్పు ఉండది. వైరింగ్ చూడుండ్రి" అనేవారు. మనిషి చేతి మీద మనిషికి అంత నమ్మకం ఉండటం నాకు ఇంట్లో కూడా ఎదురుకాలేదు. దాని కోసమే పొద్దున్నే షేర్ ఆటోలో ఒంటి కాలి మీద నిలబడి అయినా వచ్చేదాన్ని.

నా పాత పరికరం అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. దాని నుంచి వచ్చే కేబుల్ చివర ఉండే సూదులను బోర్డు మీద బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. వేలు కదిలితే మళ్లీ మొదటికి. ఒకసారికి ఒకే చిప్. అది ఎక్కించే తీరు కూడా మా మామగారు అన్నం తిన్నట్టు ఉండేది, ఒక్కో ముద్ద, మధ్యలో మంచినీళ్లు. కానీ ఒక గుణం ఉంది. ఎక్కించాక ఊరుకోదు, చిప్‌లో నుంచి మొత్తం తిరిగి చదువుకుంటుంది. తాను రాసింది, అందులో ఉన్నది ఒకటేనా అని సరిచూసుకుంటుంది. దాన్ని మేము వెరిఫై అంటాం. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఒప్పుకోదు.

ఒక వానాకాలం చివర్లో సార్ బామ్మర్ది హైదరాబాద్ నుంచి కొత్త మిషన్ తెచ్చాడు. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి, తర్వాత రకరకాల పనులు మధ్యలో వదిలేసి, చివరికి అక్క ఇంటికి చేరినవాడు. చెడ్డవాడని అనను. తెలివి ఉంది, ఓపిక లేదు. ఆ మిషన్‌కు నాలుగు సాకెట్లు. బోర్డుకు అతికించక ముందే నాలుగు చిప్‌లు నాలుగింట్లో పెట్టి, చిన్న మీటలు కిందికి నొక్కి, ఒక్క బటన్ ఒత్తితే చాలు. నాలుగు పచ్చ దీపాలు వెలుగుతాయి.

"నువ్వు దినమంత చేసే పని గిది పగటీలికే ముగిస్తది అక్కా" అన్నాడు.

సార్ రెండింటినీ నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టించారు. "రెండు చూడు చెల్లె. ఏది జల్ది చేస్తది, ఏది ధోకా ఇయ్యది, నువ్వే చెప్పాలె. నీ మాట మీదనే నడుస్త" అన్నారు.

దాని అర్థం నాకు అప్పుడే తెలుసు. నా పక్కన సోల్డరింగ్ చేసే ఒకామె ఉంది, ఝరాసంగం నుంచి వచ్చేది. నాకు దగ్గరి మనిషి. సార్ అటు పోగానే ఆమె తల ఎత్తకుండా అంది, "గా కొత్తది మంచిగున్నదని చెప్పినవంటే నీ కుర్చి పోయినట్టే అక్కా. గాయిన బామ్మర్ది గందుకే తెచ్చుకున్నడు." బటన్ ఒత్తే పనికి డిప్లొమా అక్కర్లేదు కదా. కొత్తది నెగ్గితే ఆ పిల్లవాడు కుర్చీలో, నేను ప్యాకింగ్‌లో. పాతది నెగ్గితే కొత్తది తిరిగి హైదరాబాద్‌కు. తీర్పు చెప్పేది నేనే. పిల్లి చేతికే పాల గిన్నె ఇచ్చి కొలవమన్నారు.

నేను కొలిచాను. ఎట్లా కొలిచానో కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత నన్ను ఏమేమి అన్నారో వినేటప్పుడు అది అవసరం. ఒకే పెట్టెలోని చిప్‌లను రెండింటికీ పంచాను. పాతదాని కోసం చిప్ పెట్టి తీయడానికి సాకెట్ ఉన్న ఉత్త బోర్డు ఒకటి పెట్టుకున్నాను. ఒకే ప్రోగ్రాం ఎక్కించాను. రెండింటిలోనూ వెరిఫై పెట్టాను. గోడ అవతల వెల్డింగ్ ఆగినప్పుడు కాకుండా కావాలనే జోరుగా సాగుతున్నప్పుడు నడిపాను. కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజున నడిపాను. కొత్తది ఎక్కించిన చిప్‌లను తీసి పాతదానితో చదివించాను, పాతది ఎక్కించినవి కొత్తదానితో చదివించాను. ఒకరి జడ్జిమెంటు ఇంకొకరు రాసినట్టు. కొత్తదానికి ఎక్కడో ఒక చోట కాలు జారుతుందని ఎదురుచూశాను. ఎదురుచూడలేదని చెబితే అబద్ధం.

జారలేదు. వెల్డింగ్ రాడ్డు ఎంత అంటుకున్నా దాని పచ్చ దీపం రెప్ప వేయలేదు. నా పాతది ఒక చిప్ దగ్గర తడబడి, తీసి మళ్లీ పెట్టమని గోల చేసే సరికి, కొత్తది నాలుగు ముగించి ఖాళీగా కూర్చునేది. ఎక్కించినదాంట్లో ఒక్క తేడా లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికి పోయి ఉప్పు ఎక్కువైన పప్పు ఎవరూ తినకపోతే నేనే తిన్నాను.

మర్నాడు సార్‌కు చెప్పాను. "కొత్తదే మంచిగున్నది సార్. జల్దిగ చేస్తది, నమ్మకంగ చేస్తది. గని వెరిఫై మాత్రం బంద్ చెయ్యొద్దు. గది ఉంటెనే గీ మాట."

"నువ్వు చెప్పినవంటే ఇగ చూసుడే లేదు" అన్నారు సార్. నా మాట మీద ఆయన పెట్టుకున్న నమ్మకం ఆ రోజు శిఖరానికి చేరింది. అదే రోజు నా కుర్చీ పోయింది. దసరా దాటాక బామ్మర్ది కూర్చుంటాడని, నేను ప్యాకింగ్ చూసుకోవాలని చెప్పారు. అంతవరకు కొత్త మిషన్ నేనే నడిపాను, కొత్త కోడలికి ఇల్లు అప్పగిస్తూ డబ్బాలు చూపించే అత్తలాగా. మనసు చివుక్కుమన్నా, నిజం చెప్పానన్న గర్వం ఒకటి లోపల ఉండేది. మూర్ఖపు గర్వం.

దసరా వచ్చింది. మా షెడ్డులో ఆ రోజు పనిముట్లకు పూజ. సోల్డరింగ్ ఐరన్లు, డ్రిల్లింగ్ మిషన్, సార్ బండి, త్రాసు, అన్నీ కడిగి తుడిచి పసుపు కుంకుమలు పెడతాం. పూజ చేసేది సార్ వాళ్ల అమ్మ. వాళ్లది ఎప్పుడో బీదర్ దిక్కు నుంచి వచ్చిన కుటుంబం. పెద్దమ్మ దేవుడితో కన్నడంలో, మాతో తెలుగులో మాట్లాడేది. మనిషి మంచిది. పండుగకు మాకందరికీ తన చేత్తో వడ్డించేది. నా పాత పరికరాన్ని ఎవరూ పూజలో పెట్టలేదు. అది అప్పటికే తుక్కు డబ్బాలో ఉంది. కొత్తది మధ్యలో పీట మీద, బంతిపూల దండతో పెళ్లికొడుకులా కూర్చుంది.

పెద్దమ్మ దాని ముందు కూర్చుని వంగి చూసింది. "ఇగో, దీనికి నాలుగు నోర్లున్నయి" అంది. పసుపు నీళ్లలో వేలు ముంచి మొదటి సాకెట్ లోపలికే పెట్టింది. మీద కుంకుమ అద్దింది. సాకెట్ లోపల చిప్ కాళ్లు ఆనే సన్నటి రేకులు ఉంటాయి. వేలి చెమట తగిలినా తుడిచి వాడే చోటు అది.

నాకు నోరు ఆగలేదు. "పెద్దమ్మా, లోపల పెట్టకుండ్రి. పైన డబ్బాకు పెట్టుండ్రి. లోపలికి పోతే ఖరాబైతది" అన్నాను.

పెద్దమ్మ చెయ్యి గాల్లో ఆగింది. సార్ నా వైపు చూశారు. "పూజకాడ అడ్డం రాకు చెల్లె. పండుగ పూట ఖరాబు గిరాబు అనద్దు" అన్నారు. బామ్మర్ది, "ఏం కాదులే అక్కా, తుడుస్తం" అన్నాడు. పెద్దమ్మ మిగిలిన మూడు నోళ్లకూ శ్రద్ధగా పసుపు, కుంకుమ, దాని మీద రెండేసి అక్షింతలు పెట్టింది. దేవుడికి లోటు చేయకూడదని ఎంత భక్తిగా పెట్టిందో నేను చూశాను. కొబ్బరికాయ కూడా కొట్టారు. ఆ నీళ్లు దాని మీద చల్లకుండా బామ్మర్ది అడ్డుపడ్డాడు, అంత మటుకు వాడికి పుణ్యం. నేను ప్రసాదం తీసుకుని ఇంటికి వచ్చేశాను.

పండుగ తర్వాత నేను ప్యాకింగ్‌లో అట్టపెట్టెలు అతికిస్తున్నాను. అక్కడి నుంచి చూస్తే టేబుల్ కనిపించేది. మొదటి రోజు నుంచే ఎర్ర దీపాలు వెలగడం చూశాను. బామ్మర్ది అక్షింతలు ఏరాడు, నోటితో ఊదాడు, చొక్కా అంచుతో తుడిచాడు. చిప్‌లు తీసి మళ్లీ పెట్టాడు. ఒకసారి పచ్చ, ఒకసారి ఎరుపు. వెళ్లి స్పిరిట్‌తో కడగమని చెబుదామని లేచాను. "అక్కా, నీ పని నువ్వు చూస్కో, నేను చూస్కుంట" అన్నాడు. కూర్చున్నాను. సాయంత్రానికి అన్నీ పచ్చ దీపాలే. ఏం చేశాడో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. వెరిఫై తీసేశాడు. సరిచూసుకుంటేనే కదా తప్పు కనబడేది. సరిచూసుకోవడమే మానేస్తే ప్రపంచంలో తప్పే లేదు. మిషన్ ఇంకా వేగంగా నడిచింది. సార్ వచ్చి భుజం తట్టి పోయారు.

అట్లా సగం సగం ఎక్కిన చిప్‌లు బోర్డుల్లోకి పోయాయి. మా టెస్టింగ్‌లో ఫోన్ కొడితే మోటారు ఆన్ అయిందా, ఆఫ్ అయిందా, అంతే చూసేవాళ్లం. అవి ప్రోగ్రాంలో మొదటి భాగం, చాలావాటిలో అది బాగానే ఎక్కింది. నీళ్లు లేనప్పుడు మోటారును ఆపే భాగం చివర్లో ఉంటుంది. అది ఎక్కని బోర్డులు కూడా ఓకే ముద్ర వేయించుకుని నా చేతుల మీదుగానే పెట్టెల్లోకి పోయాయి. టేపు వేసింది నేనే.

యాసంగి పంట మొదలయ్యాక తిరిగి రావడం మొదలైంది. రాయికోడ్ వైపు నుంచి ఒక రైతు మా డబ్బాను గోనెసంచిలో వేసుకుని వచ్చాడు. కోపంగా లేడు, అదే కష్టంగా ఉండింది. "బోర్ల నీళ్లు లేవు, గని మోటర్ ఆగలే సార్. పొద్దుగాల పోయి చూస్తే కాలిన వాసన. మోటర్ పైకి తీసుడు, కాయిల్ చుట్టిచ్చుడు, గంతల శనగ ఎండవట్టె" అన్నాడు. అతని తర్వాత ఇంకా వచ్చారు. సార్ ప్రతివారికీ మాట ఇచ్చి, వేరే డబ్బా ఇచ్చి పంపుతూ వచ్చారు. వెనకటిలా, వైరింగ్ చూడుండ్రి అనే ధైర్యం చేయలేదు.

ఒక మధ్యాహ్నం అందరినీ పిలిచారు. బామ్మర్ది గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాడే మొదలుపెట్టాడు. "దసరకు ముందల మంచిగనే పనిచేసింది బావా. ఎర్ర లైట్లు నా చేతికి వచ్చినంకనే మొదలైనయి. నాకన్న ముందల దాని మీద కూసున్నది అక్కనే. నేనేం అంటలే, ఉన్న మాట చెప్తున్న."

ఏమీ అనడం లేదని చెబుతూనే అనేవి మా దగ్గర అన్నిటికన్నా లోతుగా దిగుతాయి.

నేను సార్ ముఖం చూశాను. ఆయన అంటారనుకున్నాను, చెల్లె చూసింది కద, ఆడ తప్పు ఉండదు అని. ఆయన నేల చూస్తూ, "కుర్చి పోయిందని నీకు మనసుల ఉన్నదని నాకెరుకే చెల్లె. గని గిట్ల చేస్తరా? రైతుల పానం మీదికొచ్చె" అన్నారు.

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. "సార్, కొత్తది మంచిగున్నదని చెప్పిందే నేను. చెడగొట్టేదాన్నయితే గప్పుడే బాగలేదంటుంటి. నా కుర్చి నాకుంటుండె. మీరు నమ్మి తీసుకున్న మాట నాదే కద" అన్నాను.

"గందుకే, నీ మీద అనుమానం రాదని" అన్నాడు బామ్మర్ది.

నిజం చెబితే అది ఎత్తు, అబద్ధం చెబితే అది దొంగతనం. మిషన్ ఒకసారి విప్పి చూపిస్తానని అడిగాను. సాకెట్లలో పసుపు, కుంకుమ ఉండిపోయి ఉంటాయని చెప్పాను. కుంకుమ అన్న మాట వినగానే సార్ ముఖం మారింది. "మా అమ్మ మీద పెడుతున్నవా? దాన్ని ముట్టకు ఇగ" అన్నారు. చుట్టూ నాతో ఏళ్ల తరబడి అన్నం డబ్బాలు పంచుకున్నవాళ్లు ఉన్నారు. పూజలో అందరూ ఉన్నారు, అందరూ చూశారు. ఒక్కరి గొంతు లేవలేదు. సాయంత్రం ఆటోలో ఝరాసంగం ఆమె నా చెయ్యి పట్టుకుని, "నేనేమన్న అంటే నా పని పోతది అక్కా. నా మీద కోపం చెయ్యకు" అంది. కోపం చేయలేదని అన్నాను. చేశాను. ఇప్పటికీ ఉంది.

ఎందుకు మానేయలేదని మా ఆయన అడిగాడు. మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అన్నాను. అది సగమే. జహీరాబాద్‌లో చిప్‌లకు ప్రోగ్రాం ఎక్కించడం తెలిసిన నలభై ఏళ్ల ఆడమనిషి కోసం ఇంకెవరూ కుర్చీ వేసుకుని కూర్చోలేదు. బిడ్డ ఇంటర్‌లో ఉంది. కోపం చేసుకోవడానికి కూడా తాహతు ఉండాలి. మర్నాడు మళ్లీ వెళ్లి అట్టపెట్టెలకు టేపు వేశాను. పది మంది మధ్య దొంగలా ఉండటం ఎట్లా ఉంటుందో అప్పుడు నేర్చుకున్నాను. నేను టేబుల్ వైపు నుంచి నడిస్తే బామ్మర్ది మిషన్ మీద బట్ట కప్పేవాడు. సార్ నన్ను పిలిచేటప్పుడు చెల్లె అనడం మానేసి, ఓ అమ్మా అనేవారు.

చివరికి మిషన్ అమ్మినవాళ్ల మనిషి హైదరాబాద్ నుంచి వచ్చాడు. కంపెనీ తప్పేనని సార్ అతనితో గట్టిగా వాదించడానికి సిద్ధమై ఉన్నారు. అతను మూత తెరిచి, దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి, మొదటి సాకెట్‌లో తిప్పి బయటికి తీశాడు. దూది ఎర్రగా వచ్చింది. రెండోది పసుపూ ఎరుపూ కలిసి వచ్చింది. సన్నటి రేకులకు పసుపు గట్టిగా పట్టి, కింద తుప్పు లేచి ఉంది.

"ఏమండీ, పూజ చేశారా?" అన్నాడు అతను నవ్వుతూ. "దసరా అయిన తర్వాత మాకు ఇదే పనండీ. పైన పెట్టండి బాబూ అని చెబుతూనే ఉంటాం." సాకెట్లు మార్చాడు. తెర మీద వెరిఫై తీసేసి ఉండటం చూసి, అదీ పెట్టాడు. చిప్‌లు పెట్టి బటన్ ఒత్తాడు. నాలుగు పచ్చ దీపాలు. అతని ముందు అందరూ నవ్వారు. సార్ నవ్వారు, బామ్మర్ది నవ్వాడు, సోల్డరింగ్ స్టూళ్ల మీద ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను ఎదురుచూశాను. నవ్వు అయిపోయాక ఎవరో ఒకరు నా వైపు తిరుగుతారనుకున్నాను. టీ తెప్పించారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిసింది. టీ తాగి హైదరాబాద్ బస్సెక్కి వెళ్లిపోయింది.

విషయం ఇంట్లోకి చేరాక పెద్దమ్మ షెడ్డుకు వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, దేవుడికి పెట్టిన కుంకుమ చెడు చేసిందంటే ఆమెకు తట్టుకోవడం కష్టమే. నేను దగ్గరికి వెళ్లి ఏదో చెప్పబోయాను. ఆమె నన్ను చూసి, కసిరినట్టు కాదు, బాధగానే అంది, "గా దినం నువ్వే అంటివి బిడ్డా, ఖరాబైతదని. పండుగ పూట గసువంటి మాట నోట్ల నుంచి రావద్దు. దేవుని ముందల అన్నది ఊకెనే పోతదా?"

అంటే మొదట నా చెయ్యి చెడగొట్టింది. చెయ్యి కాదని రుజువయ్యాక నా నోరు చెడగొట్టింది. జాగ్రత్త చెప్పిన మాట శాపమై కూర్చుంది. స్టూళ్ల మీద ఉన్నవాళ్లలో ఒకరిద్దరు తల ఊపడం కూడా చూశాను.

సార్ మాత్రం వ్యాపారం తెలిసిన మనిషి. వారం తిరగకుండానే తుక్కు డబ్బాలో నుంచి నా పాత పరికరాన్ని తీయించారు. కొత్తది ఎక్కించిన ప్రతి చిప్‌ను పాతదానితో ఒకసారి చదివి చూడాలట, అది నా పని అట. "నీ చేత పడితే నాకు ఫికర్ ఉండది" అన్నారు. ఇంకో మాట వస్తుందేమోనని నిలబడ్డాను. "జర జల్ది మొదలువెట్టు" అన్నారు. నా కోసం కుర్చీ కొత్తది కొన్నారు, దానికి చక్రాలు కూడా ఉన్నాయి. అటు వైపు బామ్మర్ది రెప్పపాటులో నాలుగేసి ఎక్కించి నా ముందు కుప్ప పోస్తాడు. ఇటు వైపు నేను బొటనవేలు నొక్కిపెట్టి, వెల్డింగతను రాడ్డు మార్చుకునే సందు చూసుకుని, ఒక్కొక్కటి చదువుతాను. మొత్తం కలిపి చూస్తే వెనక నేనొక్కదాన్నే చేసినప్పటికన్నా ఆలస్యం. ఏది వేగం, ఏది నమ్మకం అని తేల్చడానికి అంత తతంగం చేసి మేము చేరిన చోటు ఇది. నాకు నవ్వొస్తుంది, అది నోటి దాకా రాదు.

మళ్లీ దసరా వచ్చింది. పొద్దున నేను వెళ్లేసరికి బామ్మర్ది కొత్త మిషన్‌కు పాలిథిన్ కవరు చుట్టి, దారంతో గట్టిగా కడుతున్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. పెద్దమ్మ కవరు మీద పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, అక్షింతలు వేసింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అంటే అందరికీ తెలుసు. నేను గోడ దగ్గర నిలబడి హారతి కళ్లకద్దుకున్నాను.

సాయంత్రం జమ్మి తెచ్చారు. మా వైపు దసరా నాడు జమ్మి ఆకును బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లు మొక్కుతారు, పగలు ఉన్నవాళ్లు కూడా ఆ పూట అలాయ్ బలాయ్ అని ఒకరినొకరు హత్తుకుంటారు. సార్ వరుసగా అందరికీ పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చారు. నా చేతిలో ఆకు పెట్టి, చాలా నెలల తర్వాత ఆ పిలుపు పిలిచారు. "పాతవన్ని మర్చిపోవాలె చెల్లె. జమ్మి చేతిల వడ్డంక మనసుల ఏం ఉండద్దు."

ఏడాది పాటు నోట్లో పెట్టుకుని తిరిగిన మాట నాకు తెలియకుండానే బయటికి వచ్చింది. గొంతు పెంచలేదు. "మర్చిపోత సార్. ఒక్కటే చెప్పుండ్రి. పోయిన దసరకు మిషన్ ఎవరు చెడగొట్టిన్రు?"

అందరూ విన్నారు. బామ్మర్ది కవరు దారం ముడి విప్పుతూ ఆగిపోయాడు. పెద్దమ్మ కుంకుమ భరిణ మూత పెట్టింది. సార్ నా వైపు కాకుండా మిషన్ వైపు చూశారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆలోచించుకునే చెప్పారు.

"ఎవ్వరు చెడగొట్టలే చెల్లె" అన్నారు నెమ్మదిగా. "దాని టైం బాగలేకుండె, గంతే."

నేను ఆయన కాళ్లకు మొక్కాను, చిన్నదాన్ని కదా, మొక్కాలి. నేను చేశానని వాళ్లు అనుకున్నంత కాలం ఆ తప్పుకు ఒక మనిషి ఉంది, ఆ మనిషికి పది మందిలో తల వంచుకునే శిక్ష కూడా ఉంది. ఇంట్లోవాళ్ల చెయ్యి అని తేలగానే అది ఎవరూ చేయని తప్పయింది.